టేబుల్ పలకలో ఇన్సర్టుల బెజ్జాలు: చోటు తప్పడం కన్నా ఒరిగిపోవడమే అసలు చిక్కు

మీరు అడిగినది ఇది: 25 మి.మీ. మందం టేకు పలక, దాని కింద 40 మి.మీ. మందం చెక్క ఫ్రేమ్, ఎనిమిది చోట్ల ఎం6 ఇన్సర్టులు, అంటే 6 మి.మీ. బోల్టు పట్టేలా లోపలా, కర్రను పట్టుకునేలా బయటా మరలున్న చిన్న లోహపు గొట్టాలు. గుర్తులన్నీ కొలిచి పెట్టి, చేతి డ్రిల్లుతో బెజ్జాలు వేశారు. ఫ్రేమ్ పెట్టి బిగించబోతే రెండు బోల్టులు సగం దాకా వెళ్ళి బిగుసుకుపోయాయి. ఇంకో చోట ఇన్సర్టు చుట్టూ కర్ర ఉబ్బింది. బెజ్జాలు కచ్చితంగా రావాలంటే డ్రిల్ ప్రెస్ (స్టాండుకు బిగించి ఉండి నిట్టనిలువుగా దిగే డ్రిల్లు) కొనక తప్పదా?

కొనక్కర్లేదు. కొన్నా ఈ పనికి అంతగా పనికిరాదు. బెంచి మీద పెట్టుకునే డ్రిల్ ప్రెస్ కిందికి టేబుల్ పలక నడిమి భాగం అసలు చేరదు. చేరినా అంత పెద్ద పలకను ఒక చిన్న ఇనప బల్ల మీద కదలకుండా ఆపడం ఇద్దరు మనుషుల పని. అరచేతిలో పట్టే ఒక చెక్క దిమ్మె చాలు. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. చాలామంది గుర్తు కచ్చితంగా ఉంటే బెజ్జం కచ్చితంగా ఉన్నట్టే అనుకుంటారు. అర మి.మీ. తేడా లేకుండా గీస్తారు, తర్వాత డ్రిల్లు చేత్తో పట్టుకుని అది నిలువుగా ఉందని నమ్మేస్తారు. లెక్క వేసి చూడండి. డ్రిల్లు 3 డిగ్రీలు ఒరిగిందనుకుందాం. కంటికి ఆ వాలు ఆనదు కూడా. ఇన్సర్టు ఆ వాలులోనే కూర్చుంటుంది, బోల్టూ అదే వాలులో బయటికొస్తుంది. 40 మి.మీ. ఫ్రేమ్ దాటేసరికి అది 2 మి.మీ. పైగా పక్కకు జరిగి ఉంటుంది. ఫ్రేమ్‌లో మీరు వేసిన బెజ్జం 7 మి.మీ. అన్నారు. 6 మి.మీ. బోల్టుకి చుట్టూ అర మి.మీ. ఖాళీ ఉన్నట్టు. ఆ అర మి.మీ. ఖాళీ ఎంత వాలును భరిస్తుంది? ముప్పావు డిగ్రీ కూడా కాదు. ఎంత చేయి తిరిగిన పనివాడైనా చేతి డ్రిల్లుతో వరసగా ఎనిమిది బెజ్జాలు ముప్పావు డిగ్రీ లోపల వెయ్యలేడు. నేనైతే వెయ్యలేను. అందుకే మీ గుర్తులు సరిగ్గా ఉన్నా బోల్టులు బిగుసుకున్నాయి.

కాబట్టి చోటు విషయంలో కాస్త ఉదారంగా ఉండవచ్చు. ఆ వెసులుబాటు ఫ్రేమ్ బెజ్జాల్లో పెట్టుకోవచ్చు. నిలువు విషయంలో మాత్రం వెసులుబాటు ఎక్కడా లేదు.

గుర్తుల పని త్వరగా తేల్చేద్దాం. పలక మీద టేపు పెట్టి విడిగా కొలవకండి, ఫ్రేమ్ మీద ఇంకోసారి విడిగా కొలవకండి. రెండుసార్లు కొలిస్తే రెండు తప్పులకు చోటిచ్చినట్టే. ఫ్రేమ్‌నే అచ్చుగా వాడండి. ముందు ఫ్రేమ్‌లో అన్నిచోట్లా 6 మి.మీ. బెజ్జాలు వేయండి, ఇవి కూడా కింద చెప్పే దిమ్మె సాయంతోనే. పలకను తిరగేసి ఫ్రేమ్‌ను దాని చోట కూర్చోబెట్టి, నాలుగు మూలలా క్లాంపులు వేయండి. 6 మి.మీ. బ్రాడ్ పాయింట్ బిట్టును (మొన మధ్యలో సన్నటి ములుకు ఉండే కర్ర బిట్టు) ఒక్కో బెజ్జంలోంచి దింపి, చేత్తోనే రెండు చుట్లు తిప్పండి. పలక మీద సన్నటి చుక్క, చుట్టూ గుండ్రటి గీత పడతాయి. ఫ్రేమ్ తీసేశాక ఆ చుక్కను సూదిమొన ఉలితోనో పంచ్‌తోనో కొంచెం లోతు చెయ్యండి. ఫ్రేమ్‌కీ పలకకీ ఒక మూల పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టుకోండి, లేకపోతే చివర్లో ఫ్రేమ్ తిప్పి పెట్టి, ఏ బెజ్జమూ కలవక బుర్ర గోక్కుంటారు. గుర్తులన్నీ అయ్యాకే ఫ్రేమ్ బెజ్జాలను 7కి పెంచాలి. ఈ వరస ముఖ్యం. ముందే 7 వేసేస్తే దాంట్లో 6 బిట్టు అటూ ఇటూ ఊగుతుంది.

ఇప్పుడు ఎంత వ్యాసం బెజ్జం వేయాలి? ప్యాకెట్ మీద ఉన్న అంకె పట్టుకుని వేసేయకండి. అన్ని కర్రలూ ఒకటి కావు, అన్ని ఇన్సర్టులూ ఒకటి కావు. వెర్నియర్ కాలిపర్ తీసి ఇన్సర్టుకు రెండు కొలతలు తీసుకోండి: బయటి మర అంచుల మీద ఒకటి, మరల మధ్య మొండెం మీద ఒకటి. అంచుల మీద 10, మొండెం 8.4 వచ్చిందనుకుందాం. పైన్ లాంటి మెత్తటి కర్రలో మొండెం కొలతకు దగ్గరగా, అంటే 8.5 వేస్తాను. మర కర్రను నొక్కుకుంటూ లోపలికి పోతుంది. టేకు లాంటి దాంట్లో 9 వేస్తాను. అప్పటికీ ఒక్కో వైపు అర మి.మీ. మర కర్రలో దిగుతుంది, పట్టుకు అది చాలు. ఓక్ లాంటి గట్టి కర్రలో 8.5 వేసి బలవంతంగా తిప్పితే మూడింట్లో ఒకటి జరుగుతుంది: పలక చీలుతుంది, ఇన్సర్టు నెత్తి విరుగుతుంది, లేదా మీకు జరిగినట్టు చుట్టూ కర్ర ఉబ్బుతుంది. ఇత్తడి ఇన్సర్టులైతే స్క్రూడ్రైవర్ గాడి దగ్గర చెవుల్లా ఉండే రెండు ముక్కలు టప్పున ఊడిపోతాయి. ఆ తర్వాత అది ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

ఏదైనా సరే, అదే పలక నుంచి కోసిన ముక్క మీద రెండు బెజ్జాలు వేసి చూశాకే అసలు పలక జోలికి వెళ్ళండి. ఇన్సర్టు తిరిగేటప్పుడు చేతికి గట్టిగా తగలాలి, కానీ కిర్రుమని అరవకూడదు. ఇంకో మాట. 9 అని రాసి ఉన్న బిట్టు చేతి డ్రిల్లులో ఊగితే 9.3 బెజ్జం వేస్తుంది. దిమ్మె వాడితే ఈ బాధా పోతుంది.

లోతు లెక్కకు బోల్టును కూడా కలుపుకోవాలి. మీ లెక్కే వేద్దాం. ఇన్సర్టు పొడవు 13, దాన్ని పలక మట్టం కన్నా అర మి.మీ. కిందికి దింపుతాం. ఫ్రేమ్ 40, ఎం6 వాషరు మందం 1.6. ఎం6 బోల్టు 55 మి.మీ. పొడవైతే 41.6 పోగా పలకలోకి 13.4 వెళ్తుంది. బాగుంది. బెజ్జం 17 లోతు వేస్తే కింద పొట్టుకూ చోటుంటుంది, పలక పైముఖం వైపు 8 మి.మీ. కర్ర మిగులుతుంది. ఇంట్లో 55 లేదని 60 వేశారనుకోండి, 18.4 లోపలికి పోవాలని చూస్తుంది. కింద ఉన్నది 17 మాత్రమే. బోల్టు కొన కర్రకు ఆనుతుంది. మీరింకా స్పానర్ తిప్పుతూనే ఉంటారు. అప్పుడు బోల్టు జాకీలా పనిచేసి ఇన్సర్టును కర్రలోంచి పైకి లాగేస్తుంది. లేదంటే పలక పైముఖం మీద చిన్న బొడిపె లేస్తుంది. "ఇన్సర్టులు నిలవవండీ, ఊడొచ్చేస్తాయి" అనే ఫిర్యాదు విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది బోల్టు పొడవెంత అనే.

లోతు ఆపడానికి బిట్టుకు టేపు చుట్టడం అందరికీ అలవాటు. నాకూ ఉండేది. ఒకసారి పైముఖం పాలిష్ అంతా అయిపోయిన పలకను బోర్లించి బెజ్జాలు వేస్తున్నాను. ఆరో బెజ్జం దగ్గర టేపు వేడికి మెత్తబడి, మెల్లగా పైకి జరిగింది. నేను చూసుకోలేదు. పని అయ్యాక పలక తిరగేస్తే అద్దంలా మెరుస్తున్న ముఖం మీద, సరిగ్గా మనిషి కూర్చుని భోంచేసే చోట, ఆవగింజంత నక్షత్రం. బిట్టు ములుకు తొంగి చూసింది. మొత్తం పలక మళ్ళీ చిత్రిక పట్టి, మళ్ళీ పాలిష్ చేయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి టేపు మానేశాను. బిట్టుకు ఒక చెక్క గొట్టం తొడుగుతాను. దిమ్మె వాడితే ఆ గొట్టం దిమ్మెకు తగిలి ఆగిపోతుంది, దిమ్మె మందం లెక్కలో కలుపుకుంటే చాలు. బిట్టు ములుకు సంగతి కూడా మరవకండి. లోతు లెక్క బెజ్జం అంచు దగ్గరిది, ములుకు ఇంకో 2, 3 మి.మీ. ముందుకు పోతుంది. ఇనుముకు వాడే మామూలు ట్విస్ట్ బిట్టులో కూడా 118 డిగ్రీల మొన ఉంటే వ్యాసంలో సుమారు మూడో వంతు మొనకే పోతుంది. 18 మి.మీ. పలకల మీద ఈ 3 మి.మీ. లెక్క తప్పిందంటే పలక పోయినట్టే.

ఇక దిమ్మె. 50 మి.మీ. మందం, అరచేతి వెడల్పు ఉన్న గట్టి కర్ర ముక్క తీసుకోండి. అడుగు ముఖం చదునుగా ఉండాలి. గాజు పలక మీద పెట్టి నొక్కితే ఊగకూడదు. దీని మధ్యలో 9 మి.మీ. బెజ్జం నిట్టనిలువుగా వేయించాలి. డ్రిల్ ప్రెస్ కావాల్సింది ఈ ఒక్క బెజ్జానికే, అది ఎవరి దగ్గరున్నా ఐదు నిమిషాల పని. ఫ్రేమ్ బెజ్జాల కోసం అలాంటిదే ఇంకొకటి 6 మి.మీ.తో చేయించుకోండి. నిలువుగా వచ్చిందో లేదో చూడాలంటే, బెజ్జంలో 9 మి.మీ. ఇనప కడ్డీనో బిట్టు కాడనో దించి, మూలమట్టం ఆనించి చూడండి. ఒక వైపు చూసి ఊరుకోకండి. మూలమట్టాన్ని పావు చుట్టు తిప్పి రెండో వైపు కూడా చూడాలి. ఒక దిక్కున నిలువుగా ఉండి రెండో దిక్కున వాలిన దిమ్మెలు నేను రెండు మూడు చేసి పారేశాను.

వాడే తీరు ఇది. బ్రాడ్ పాయింట్ బిట్టును ముందుగా దిమ్మెలో దింపి, ములుకు కొంచెం బయటికి కనపడేలా ఉంచండి. ఆ ములుకును పలక మీద చుక్కలో నాటండి. నాటుకున్నట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు దిమ్మెను కిందికి జార్చి పలకకు ఆనించి, క్లాంపు వేయండి. క్లాంపు అందని నడిమి చోట్ల దిమ్మె కింద గరుకు కాగితం అంటించి, మోకాలితోనో ఎడమ చేత్తోనో గట్టిగా నొక్కిపెట్టినా సరిపోతుంది. దిమ్మె కదలకపోతే చాలు. డ్రిల్లు వేసేటప్పుడు ప్రతి 5 మి.మీ.కు బిట్టు పైకి తీసి పొట్టు దులపండి. పొట్టు కూరుకుపోతే బిట్టు వేడెక్కి కర్ర మాడుతుంది, బెజ్జం గోడలు నున్నగా గాజులా అయిపోతాయి, ఇన్సర్టు పట్టు తగ్గుతుంది.

ముందు సన్న బెజ్జం వేసి తర్వాత పెద్దది వేయాలా అని కొందరు అడుగుతారు. బ్రాడ్ పాయింట్ వాడితే వద్దు. ఆ ములుకుకు పట్టు దొరికేదే మధ్యలో ఉన్న కర్ర మీద. 3 మి.మీ. బెజ్జం ముందే వేసేస్తే ములుకు గాల్లో తేలుతుంది, బిట్టు కర్ర నార ఎటు నడిస్తే అటు జరుగుతుంది. టేకులో ఏడాది గీతల మధ్య మెత్తదనం తేడా ఉంటుంది కదా, బిట్టు ఎప్పుడూ మెత్తటి వైపే పోతుంది.

ప్లంజ్ రౌటర్ (చదునైన అడుగు మీద కూర్చుని, తిరిగే బిట్టును నిలువుగా కర్రలోకి దించే యంత్రం) ఉన్నవాళ్ళకు దిమ్మె కూడా అక్కర్లేదు. రౌటర్ అడుగు పలక మీద చదునుగా కూర్చుంటుంది కాబట్టి నిలువు దానంతటదే వస్తుంది. లోతు ఆపు చాలా కచ్చితం. బెజ్జం అడుగు సమంగా ఉంటుంది, ములుకు బెడద లేదు. చిక్కల్లా కావలసిన వ్యాసంలో బిట్టు దొరకడమే. గైడ్ బుష్ (రౌటర్ అడుగుకు బిగించే చిన్న గొట్టం), దానికి సరిపడే టెంప్లేటు, అంటే బెజ్జాల అచ్చు ఉంటే వంద బెజ్జాలైనా ఒకేలా వస్తాయి. ఎనిమిదింటి కోసం అంత హంగామా నేను చెయ్యను.

బెజ్జం పడ్డాక అంచును గరాటులా వాలు చేసే కౌంటర్‌సింక్ బిట్టుతో తప్పకుండా గీరండి. బయటి మర వ్యాసం కన్నా కాస్త పెద్దగా, 11 లేదా 12 మి.మీ. దాకా. మీ పలక ఉబ్బడానికి సగం కారణం ఇది లేకపోవడమే. మర మొదటి చుట్టు తిరిగేటప్పుడు పైపొర పీచును లేపి బయటికి నెట్టేస్తుంది. అంచు గీరి ఉంటే ఆ పీచు లేవడానికి ఆ పొరే ఉండదు. ఉబ్బిన కర్ర మీద ఫ్రేమ్ కూర్చుంటే పలకకూ ఫ్రేమ్‌కూ మధ్య సందు మిగులుతుంది, ఎంత బిగించినా ఊగుతుంది. మీరు ఇప్పటికే ఉబ్బించిన చోట ఉలితో సాపు చేసేయండి. అది కింది ముఖమే కాబట్టి కంగారు లేదు.

బెజ్జం ఎంత నిలువుగా ఉన్నా, ఇన్సర్టు తిప్పేటప్పుడు వాలిందంటే పడ్డ శ్రమంతా వృథా. ఎల్ ఆకారపు ఆలెన్ కీతో తిప్పేటప్పుడు దాని పొడవాటి చేయి ఇన్సర్టును ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. మొదటి రెండు చుట్లలో వాలిన ఇన్సర్టు ఇక నిలబడదు. నేను చేసేది చెప్తాను. 120 మి.మీ. పొడవున్న ఎం6 బోల్టు తీసుకుంటాను. ఇంకో దిమ్మె, 60 మి.మీ. మందం. దాని అడుగు వైపు నుంచి 14 మి.మీ. బెజ్జం 25 లోతు, అక్కడి నుంచి అదే మధ్యబిందువులో పైదాకా 6 మి.మీ. బెజ్జం. బోల్టును పైనుంచి దించి, అడుగున నట్టు ఎక్కించి, దాని కింద ఇన్సర్టు తొడిగి, నట్టును ఇన్సర్టు నెత్తి మీదికి బిగించేస్తాను. ఇప్పుడు బోల్టు, ఇన్సర్టు ఒకే కడ్డీ అయినట్టు. బయటి మరకు కొంచెం కొవ్వొత్తి మైనం రుద్ది, బెజ్జంలో పెట్టి, దిమ్మెను పలకకు నొక్కి, బోల్టు తలను స్పానర్‌తో తిప్పుతాను. దిమ్మె వాలనివ్వదు. నట్టు కర్రకు ఆనగానే ఆగి, దిమ్మెను బోల్టు వెంట పైకి జరిపి, నట్టు వదులు చేసి బోల్టు తీసేస్తాను. మిగతా అర మి.మీ.కు ఆలెన్ కీ చాలు. ఆ పాటికి ఇన్సర్టు వాలే దశ దాటిపోయి ఉంటుంది.

పవర్ డ్రిల్లుతో మాత్రం తిప్పకండి. క్లచ్ ఎంత తగ్గించినా సరే. కర్ర ఎక్కడ గట్టిగా తగిలిందో చేతికి తెలియాలి.

ఇన్సర్టును అర మి.మీ. లోపలికి ఎందుకు దింపాలంటే, పలక మట్టానికి పైన ఉంటే ఫ్రేమ్ కర్ర మీద కాకుండా ఇన్సర్టు మీద కూర్చుంటుంది. సబ్బు రాయవచ్చా అంటే నేను రాయను, సబ్బు తేమను పీల్చి లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. ఎపాక్సీ (రెండు పాళ్ళు కలిపి వాడే గట్టి జిగురు) వేయాలనుకుంటే మైనం మానేయండి, రెండూ కలిసి ఉండవు. టేకు పలక ముఖంలో ఎపాక్సీ అవసరం లేదు. పలక చివరి అంచులో, అంటే నార కొసలు కనపడే వైపు ఇన్సర్టు వేయాల్సి వస్తే మాత్రం తప్పదు, అక్కడ మరకు పట్టు తక్కువ.

మీరు అడగని సంగతి ఒకటుంది, అడిగి ఉండాల్సింది. ఎనిమిది బెజ్జాలూ ఇంత కచ్చితంగా వేసి, ఎనిమిది బోల్టులూ గట్టిగా బిగించేస్తే పలక చీలవచ్చు. కర్ర గాలిలో తేమను బట్టి అడ్డంగా పెరుగుతుంది, తరుగుతుంది. ఏడాది గీతలు పలక ముఖానికి సమాంతరంగా వచ్చేలా కోసిన టేకు పలక 800 మి.మీ. వెడల్పుంటే, కర్రలో తేమ 4 శాతం మారినప్పుడు సుమారు 6 మి.మీ. తేడా వస్తుంది. ఓక్‌లో అది దాదాపు రెట్టింపు. అందుకే మధ్యలో ఉన్న బోల్టులకు 7 మి.మీ. గుండ్రటి బెజ్జం ఉంచి, అంచుల వైపు ఫ్రేమ్ బెజ్జాలను నారకు అడ్డ దిశలో మధ్య నుంచి అటు 3, ఇటు 3 మి.మీ. పొడిగించి గాడిలా చేయండి. పెద్ద వాషర్లు వేయండి. బిగింపు పలక కదలకుండా ఉండేంతే, వాషరు కర్రలో దిగబడేంత కాదు.

ఇప్పటికే వాలిన ఆ రెండింటి సంగతి. బోల్టుకు నట్టు బిగించి వెనక్కు తిప్పితే బయటికి వచ్చేస్తాయి. ఆ బెజ్జాలను 16 మి.మీ. ఫోర్స్‌ట్నర్ బిట్టుతో (అడుగు చదునుగా ఉండే బెజ్జం వేసేది) 17 లోతు పెంచి, ముక్క కొట్టి మూయాలి. ఇక్కడ చాలామంది గుండ్రటి డోవెల్ కర్ర దించేస్తారు. డోవెల్ నార నిలువుగా నడుస్తుంది, మళ్ళీ అందులో వేసే ఇన్సర్టు నార కొసల్లోకే పోయినట్టు, పట్టు ఉండదు. గుండ్రటి కర్ర బిళ్ళలు కోసే ప్లగ్ కట్టర్‌తో అదే టేకు ముక్క ముఖం మీద నుంచి బిళ్ళ తీయండి, నార పలక నారతో ఒకే దిశలో కలిపి పెట్టి జిగురు వేయండి. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, ఫ్రేమ్ మళ్ళీ పెట్టి గుర్తు మళ్ళీ తీసుకోండి. పాత గుర్తు మీద నమ్మకం వద్దు.

చివరికి బోల్టులు బిగించేటప్పుడు ఎనిమిదింటినీ ముందు వేళ్ళతోనే చివరిదాకా తిప్పండి. వేళ్ళతో పోనిది స్పానర్‌తో పోతుందని బలవంతం చేయకండి, మరలు పాడవుతాయి. ఆ బోల్టు తీసి, ఫ్రేమ్ బెజ్జం ఏ పక్క రుద్దుకుంటోందో చూసి, ఆ పక్క గుండ్రటి ఆకురాయితో అర మి.మీ. గీరండి. పలక కింది ముఖానికి కూడా పాలిష్ వేసే ఆలోచన ఉంటే అది ఫ్రేమ్ పెట్టకముందే చేసేయండి, ఇన్సర్టుల్లో మైనం రాసిన పాత బోల్టులు పెట్టి మరీ. వార్నిష్ మరల్లోకి దిగి ఆరిందంటే ఎం6 ట్యాప్ (లోపలి మరలు కోసే పనిముట్టు) వేసి శుభ్రం చేసుకోవాల్సి వస్తుంది.